బొక్కెన దాచిన ఇల్లు

మొన్న మా మనవరాలు ఖురాన్‌లోని చిన్న సూరా ఒకటి నాకు చదివి వినిపించింది. ఫోన్‌లో ఎవరో టీచరమ్మ నేర్పుతుందట. గొంతు బాగుంది. సాగదీయాల్సిన చోట సాగదీసింది, ఆపాల్సిన చోట ఆపింది. "దీనికి అర్థమేంటే?" అని అడిగాను. "అర్థం తర్వాత చెప్తారంట నానమ్మా, ముందు ఉచ్చారణ రావాలంట" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ వయసులో కోపం మంచిది కాదని డాక్టరు అంటాడు. ఆయనకేం తెలుసు, నేను ఇన్నేళ్ళు నిలబడిందే కోపం మీద.

అది మాఊన్ అనే సూరా. ఏడే వాక్యాలు. నమాజు తొందరగా అయిపోతుందని చాలామంది దాన్నే ఎత్తుకుంటారు. నాకు మాత్రం అది వింటే నాలుక పిడచగట్టుకుపోతుంది. దాని అర్థం నాకు ఎప్పుడు, ఎలా తెలిసిందో మనవరాలికి చెప్పడం మొదలుపెట్టాను. అది మధ్యలోనే ఫోన్ మోగిందని లేచి వెళ్ళిపోయింది. మిగిలింది మీరు వినండి.

మాది దేవరకొండకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. గుట్టల నడుమ ఎర్ర దుబ్బ నేలలు. ఆముదాలు, సజ్జలు, వాన దయ తలిస్తే జొన్నలు. మేం దూదేకులవాళ్ళం. మా నాయిన ఇంటి దూలానికి పెద్ద విల్లు వేలాడదీసి, దాని నరాన్ని కొయ్య గూటంతో మీటుతూ పత్తి ఏకేవాడు. డుయ్, డుయ్ అని రోజంతా ఆ చప్పుడే. అన్నంలో దూది, మంచినీళ్ళలో దూది, అవ్వ కనుబొమల మీద దూది. కొత్త పత్తి వాసనా, ఆముదం దీపం వాసనా కలిస్తే మా ఇంటి వాసన. నాయిన చూడనప్పుడు మేం పిల్లలం ఆ దూదితో గడ్డాలు అంటించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, గల్లీలో పెద్దసాబులా నడిచేవాళ్ళం. ఎవరి గడ్డం ముందు ఊడితే వాళ్ళు ఓడినట్టు.

మా ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట లేదు. నాయిన నాయినే, అవ్వ అవ్వే, రోజా ఒక్కపొద్దే. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని తురకోళ్ళు అనేవారు. దేవరకొండలో ఉర్దూ మాట్లాడే సాయిబులేమో మీరు తురకలే కాదు పొమ్మనేవారు. మా అవ్వ ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పేది. "మేమెవ్వలమో మమ్ముల పుట్టిచ్చినోనికి ఎరుక. మీకు ఎరుకయ్యి ఏం జేస్తరు?"

ఆ పెద్దసాబు మా గల్లీకంతా పెద్ద. రెండంతస్తుల ఇల్లు, ఊరి బయట నిమ్మతోట, గల్లీ మొదట్లో ఆయన జాగాలోనే చేదబావి. మంచివాడనే పేరు. మసీదుకు సున్నం వేయించేది ఆయనే, నమాజులో ముందు వరుసలో నిలబడేది ఆయనే. ఆయన నుదుటి మీద, నమాజులో నేలకు ఆనించి ఆనించి పడిన సజ్దా మచ్చ ఉండేది. మా నాయినకు ఏడాదిలో సగం పని ఆ ఇంటి పరుపులు, బొంతలే. అందుకే పెద్దసాబు ఎదురొస్తే నాయిన చెప్పులు చేతిలోకి తీసుకునేవాడు. అవ్వ మాత్రం తీసుకునేది కాదు. "నాకు నడుం వంగది" అనేది, తట్ట నిండా పేడకళ్ళు ఎత్తే నడుము.

పెద్దసాబు ప్రహరీకి ఆనుకుని ఒక చిన్న గది ఉండేది. అందులో ఖాలా ఉండేది. ఖాలా అంటే చిన్నమ్మ. నిజానికి ఆమె మాలో ఎవరికీ చిన్నమ్మ కాదు. పెద్దసాబుకు దూరపు చుట్టం. భర్త పోయాక మక్తల్ నుంచి వచ్చి ఆ గదిలో తలదాచుకుంది. కిరాయి లేదు. దానికి బదులు గల్లీ ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పాలి. మధ్యాహ్నం పూట ఆమె ముందు చాప మీద కూర్చుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ చదివేవాళ్ళం. ఊగకపోతే పాఠం రాదని మా నమ్మకం. పాఠం బాగా వచ్చినవాళ్ళకు ఆమె చింతతొక్కు నాలుక మీద పెట్టేది. నూరిన చింతకాయ, ఉప్పు, పచ్చిమిరపకాయ. ఆ పులుపు కోసమే నేను సూరాలు చకచకా నేర్చేసుకున్నాను. భక్తి అంటారా, అది తొక్కు తర్వాత వచ్చింది.

ఖాలా ఒక్క విషయంలో అందరి పద్ధతికీ ఎదురు పోయేది. అరబ్బీ చదివించి వదిలేయకుండా, అర్థం తెలుగులో చెప్పేది. ఆమె తెలుగు కొంచెం వంకరగా ఉండేది, మేం నవ్వేవాళ్ళం. అయినా చెప్పేది. పెద్దసాబుకు అది నచ్చదు. ఆడపిల్లలకు అక్షరాలు చాలు, అర్థాలు పండితులు చూసుకుంటారని ఒకటి రెండుసార్లు కబురు పంపాడు. ఆమె తలూపి మర్నాడు మళ్ళీ చెప్పింది.

మాఊన్ సూరా చెప్పిన రోజు నాకు బాగా గుర్తు.

"దీన్, అంటె మన ధర్మం, గదంత అబద్ధమనేటోన్ని జూసినవా అని అల్లా అడుగుతుండు. వాన్ని ఎట్ల గుర్తువట్టాలె? గడ్డం జూసి కాదు. అవ్వయ్యలు లేని పోరన్ని నూకేస్తడు. ఆకలైనోనికి పెట్టుమని నోరు దెరిచి అనడు. నమాజ్ జేస్తడు, గని పదిమంది జూడాలెనని జేస్తడు. ఇంగ ఆఖర్ల ఏమన్నడు? మాఊన్ ఇయ్యడు అన్నడు" అంది ఖాలా.

"మాఊన్ అంటె ఏంది ఖాలా?" అన్నాను.

"సూది. ఉప్పు. పొయ్యిలకు నిప్పు. రోకలి. నీళ్ళు చేదుకునే తాడు, బొక్కెన. ఇంటి పక్కనోల్లు అడిగితె ఇచ్చేటియి. ఇస్తె మనకు ఏం తక్కువగానియి."

మేం పడీపడీ నవ్వాం. అల్లా అంటే మాకు ఏడు ఆకాశాల మీద ఉండేవాడు. ఆయన బొక్కెన గురించి మాట్లాడటమేమిటి?

"అల్లాకు బొక్కెన ముచ్చట గూడ ఎరుకేనా?"

"ఎరుకనే బేటీ. పెద్దయి ఇయ్యకపోతె లోకమంత జూస్తది. చిన్నయి ఇయ్యకపోతె ఎవ్వలు జూస్తరు? ఆయనే జూడాలె."

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. అవ్వకు ఖాలా అంటే పడేది కాదు. ఉర్దూ మాట్లాడేవాళ్ళకు మనమంటే చులకన అని ఆమె అనుమానం. పైగా దీపం పెట్టాక ఖాలా ఎవరడిగినా ఉప్పు ఇచ్చేది. అవ్వ చచ్చినా ఇవ్వదు. "దీపం ముట్టిచ్చినంక ఉప్పు ఇస్తె ఇంట్ల లచ్చిమి ఎల్లిపోతది. గామెకు గంత గూడ తెల్వదు, మల్ల పిల్లలకు చదువు జెప్తది" అంది. మేం తురకలమే. మా ఇంట్లో లక్ష్మి కూడా ఉండేది. ఎవరికి ఇబ్బంది?

బావి సంగతి చెప్పాలి. ఆ చేదబావి దగ్గర ఒక పద్ధతి ఉండేది. తాడూ బొక్కెనా ఎప్పుడూ గట్టు మీదే ఉంటాయి. ఏ ఇంట్లోకీ పోవు. ఎవరి బిందె వాళ్ళు తెచ్చుకుంటారు, అదే తాడుతో అందరూ చేదుకుంటారు. ఏటా జనుము కోశాక ఇంటికింత నార ఇస్తే, నలుగురు కూర్చుని కొత్త తాడు పేనుతారు. ఇనుప బొక్కెన మాత్రం పెద్దసాబుది. ఎన్నేళ్ళ నుంచో అలాగే నడిచింది.

ఆ ఏడు వానలు పడలేదు. జనుము మొలకలోనే మాడిపోయింది. ఊరి మంచినీళ్ళ బావి ఎండిపోయింది. గల్లీ చేదబావిలో నీళ్ళు ఎంత లోతుకు పోయాయంటే, పైనుంచి చూస్తే మన ముఖం కూడా కనపడదు. పాత తాడు అందలేదు. పెద్దసాబు దేవరకొండ అంగడి నుంచి పొడవాటి కొత్త తాడు తెప్పించాడు. సంతోషించాం. నాలుగు రోజులయ్యాక, జనం ఎక్కువైతే తాడు అరిగిపోతోందని దాన్నీ బొక్కెననూ ఇంట్లో పెట్టించి తాళం వేశాడు. వాళ్ళ జీతగాడు మాత్రం తెచ్చి, నిమ్మచెట్లకూ ఇంటికీ చేది, మళ్ళీ లోపలికి తీసుకుపోయేవాడు.

గల్లీ పెద్దలు పోయి అడిగారు. మా నాయిన అందరికంటే వెనక నిలబడ్డాడు. పెద్దసాబు మెత్తగానే మాట్లాడాడట. "నీళ్ళు వద్దన్ననా? అల్లా ఇచ్చిన నీళ్ళు, అందరు చేదుకోండ్రి. నా తాడు, నా బొక్కెన ముట్టకుండ్రి, గంతే."

వద్దనలేదు నిజమే. కానీ అంత లోతుకు అందే తాడు గల్లీలో ఎవరి దగ్గరుంది? ఆడవాళ్ళు వాగుకు పోవడం మొదలుపెట్టారు. ఇసుకలో చెలిమె తోడి, చిప్పతో ముంచి ముంచి బిందె నింపాలి. ఒక బిందెకు ఒక పొద్దు. అప్పుడే రంజాన్ వచ్చింది, అదీ నడి ఎండాకాలంలో. మా అమ్మ ఒక్కపొద్దు ఉంటూనే పొద్దున ఒకసారి, ఎండ దిగాక ఒకసారి వాగుకు పోయేది. నేను చిన్న బిందెతో వెనక పోయేదాన్ని. దారిలో తునికి పండ్లు రాలి ఉండేవి. అమ్మ చూడకుండా రెండు నోట్లో వేసుకునేదాన్ని. సాయంత్రం మాత్రం గల్లీ అంతా పెద్దసాబు వాకిట్లో రోజా విప్పేది. ఖర్జూరాలు, ఉడికించిన శనగ గుడాలు, సబ్జా గింజలు వేసిన గులాబీ షర్బత్. ఆ షర్బత్ నీళ్ళు ఎక్కడివో అందరికీ తెలుసు. తాగి, ఆయన మేలు కోరి దువా చేసి వచ్చేవాళ్ళు.

ఒకరోజు వాగు నుంచి వస్తూ అమ్మ పడిపోయింది. ముందు బిందె పడింది, తర్వాత ఆమె. నీళ్ళన్నీ దుబ్బలో ఇంకిపోయాయి. నేను అరిచిన అరుపుకు మేకలు కాసుకునే గొల్ల అత్త పరుగెత్తుకొచ్చి, తన ముంతలో మిగిలిన మజ్జిగ ముఖాన చల్లింది. అమ్మ కళ్ళు తెరిచి ముందు అడిగింది బిందె పగిలిందా అని. అమ్మను నడిపించుకుంటూ వస్తుంటే, బావి గట్టు మీద గిరక ఖాళీగా కనపడింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

నేనూ ఒక్కపొద్దు ఉంటానని ఆ రాత్రే మొండికేశాను. మొదటి రోజా అంటే మా వైపు చిన్న పెళ్ళిలాంటిది. పిల్లకు కొత్త గౌను, మెడలో పూలదండ, చుట్టాలు, మిఠాయి. పేదింటి పిల్లల మొదటి రోజాను పెద్దసాబు తన వాకిట్లోనే జరిపించేవాడు. నాదీ జరిపిస్తానన్నాడు. నాయిన మురిసిపోయాడు.

ఆ రోజంతా ఎలా గడిచిందో చెప్పలేను. జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని తెల్లవారకముందే మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి ఉమ్మి మింగడానికి కూడా లేదు. మగపిల్లలు నమాజుకు ముందు పుక్కిలించే నీళ్ళు సగం మింగుతారని నాకు తెలుసు. నేను మింగలేదు. నాయిన విల్లు కింద చల్లటి దూది కుప్పలో తల పెట్టి పడుకున్నాను.

సాయంత్రం పెద్దసాబు వాకిలి నిండా జనం. తెర వెనక ఆడవాళ్ళు, వాళ్ళలో అమ్మ, అవ్వ, ఖాలా. నన్ను కొత్త పరుపు మీద కూర్చోబెట్టారు. పెద్దసాబు నా తల నిమిరి, "ఏదన్న సూరా చదువు బిడ్డా" అన్నాడు. నేను మాఊన్ ఎత్తుకున్నాను. ఎండిన గొంతు బొంగురుపోతున్నా ఒక్క అక్షరం తప్పకుండా చదివాను. "సుభానల్లా!" అన్నాడాయన. కళ్ళు చెమర్చాయి కూడా. అబద్ధం ఎందుకు చెప్పాలి, నిజంగానే చెమర్చాయి. అదే నాకు ఇంకా మండింది. రోజుకు ఐదు పూటలు చదివే సూరా, ఆయన చెవికి అది పాటలాగే వినపడుతోంది.

మసీదు నుంచి అజాన్ పిలుపు వినిపించింది. ఆయన స్వయంగా వెండి గ్లాసు నా నోటి దగ్గర పెట్టాడు. గులాబీ వాసన. గ్లాసు చుట్టూ చెమట పట్టింది. నేను పెదాలు బిగించాను.

"తాగు బిడ్డా."

"తాగ."

"ఏమైంది?"

"మా అమ్మ వాగుకాడ పడిపోయింది. మీరు బొక్కెన దాచిండ్రు. నేను చదివిన సూరాల గదే ఉన్నది. బొక్కెన ఇయ్యనోల్ల నమాజు..."

నాయిన ఒక్క ఉదుటున వచ్చి నా నోరు మూశాడు. పెద్దసాబు గ్లాసు కింద పెట్టి, "ఈ మాటలు ఎవ్వలు నేర్పిండ్రు?" అన్నాడు. అడిగింది నన్ను, చూసింది తెర వైపు.

"నేనే" అంది తెర వెనక నుంచి ఖాలా. "అరబ్బీల ఉన్నది. తెలుగుల జెప్పిన. ఎక్కువ జెప్పలే, తక్కువ జెప్పలే."

అజాన్ అయిపోయాక రోజా విప్పడం ఆలస్యం చేయకూడదు. అందరూ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు, ఎవరికీ తాగాలో వద్దో తెలియడం లేదు. అప్పుడు తెర జరిగింది. మా అవ్వ మగవాళ్ళ మధ్య నుంచే నడుచుకుంటూ నా దగ్గరకొచ్చింది. బొడ్లో దోపుకున్న తిత్తి విప్పింది. అందులో వక్క, పొగాకు, ఓ మూలన గళ్ళుప్పు. దీపాలు పెట్టేశారు అప్పటికే. ఒక ఉప్పురాయి తీసి నా నాలుక మీద పెట్టింది.

"బిస్మిల్లా అను" అంది.

అన్నాను. రోజంతా నీళ్ళు లేని నోట్లో ఉప్పు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. అయినా మింగాను. ఇన్నేళ్ళలో ఎన్నో రోజాలు విప్పాను, అంత గర్వంగా ఏదీ విప్పలేదు. అమ్మ, అవ్వ, నేను అక్కడి నుంచి లేచి వచ్చేశాం. ఇంకెవరైనా లేచారా అంటే, గొప్ప కోసం లేచారని చెప్పలేను. లేవలేదు. దాహమైనవాళ్ళు తాగారు. వాళ్ళను తప్పు పట్టను.

మర్నాడు ఖాలాను గది ఖాళీ చేయమన్నారు. రేకు పెట్టె, చాప, తొక్కు జాడీ పట్టుకుని గల్లీలో నిలబడింది. అవ్వ ఎదురుపోయి జాడీ అందుకుంది. "దూది పడ్తది మా ఇంట్ల. దగ్గు వస్తె నన్ననొద్దు" అంది. ఇంటికి రమ్మని పిలవడమంటే అవ్వకు తెలిసిన పద్ధతి అదే.

నాయినకు ఆ రోజంతా పెద్దింటి పని పోయిందని దిగులు. మధ్యాహ్నం చూస్తే విల్లు పక్కన పెట్టి తాడు పేనుతున్నాడు. దేనితో? దూదితో! మా ఇంట్లో ఉన్నది అదే, ఆయనకు వచ్చింది అదే. చేతి లావున, తెల్లగా, ముట్టుకుంటే ముద్దొచ్చే తాడు. ఇంతకుముందు ఎవరూ దూదితో చేంతాడు పేని ఉండరు, ఇకమీద పేనరు కూడా. దానికి కిరసనాయిలు డబ్బా కట్టి బావిలోకి వదిలాం. అది నీళ్ళన్నీ పీల్చుకుని ఉబ్బి, డబ్బా కంటే తాడే బరువై, గిరకలో ఇరుక్కుపోయింది. నలుగురు లాగితే వచ్చింది. డబ్బాలో నీళ్ళు చెంబెడు, తాడులో బిందెడు. గల్లీ అంతా కడుపు పట్టుకుని నవ్వింది. "బాయి నీళ్ళు తాగేటందుకు తాడును తెచ్చినవేందన్నా!" అంది గొల్ల అత్త. నాయిన కూడా నవ్వాడు. ఆయన పెద్దసాబు గుమ్మం ముందు అంత గట్టిగా నవ్వడం నేను మొదటిసారి చూశాను.

నవ్వాక గొల్ల అత్త ఇంటికిపోయి మేకలను కట్టే తాళ్ళు తెచ్చింది. ఇంకొకరు ఉట్టి తాడు విప్పారు, ఒకరు బండి తాడు ఇచ్చారు, చాకలివాళ్ళు బట్టలారేసే తాడు ఇచ్చారు. అన్నీ ముడివేస్తే బావికి అందే తాడైంది. ముడి వచ్చినప్పుడల్లా గిరక దగ్గర ఆగి, చేత్తో ఎత్తి దాటించాలి. ఆలస్యమయ్యేది. కానీ అమ్మ వాగుకు పోవడం మానేసింది. పెద్దసాబు తన కిటికీలోంచి చూశాడు. నీళ్ళు వద్దని ఆయన ఎప్పుడూ అనలేదు కదా, ఇప్పుడేమంటాడు?

రంజాన్ చివరి సాయంత్రం. నెలవంక కనపడింది, రేపు పండుగ. మా వాకిట్లో ఎవరో దగ్గారు. చూస్తే పెద్దసాబు. ఒక్కడే వచ్చాడు. రోజంతా నిమ్మచెట్లకు చేదీ చేదీ వాళ్ళ తాడు అరిగి తెగిపోయింది. తాడూ బొక్కెనా రెండూ బావి అడుగుకు పోయాయి. ఇంటినిండా పండుగ చుట్టాలు.

"జర మీ తాడు ఇయ్యుండ్రి" అన్నాడు. వదులైన ముడులు బిగించడానికి నాయిన ఆ పూట తాడు చుట్టను గట్టు మీంచి మా వాకిట్లోకి తెచ్చి పెట్టాడు.

నేను పోయి తాడు చుట్ట మీద కూర్చున్నాను. "ఇయ్య" అన్నాను.

"లే" అంది ఖాలా.

"ఇయ్య. నిన్ను ఎల్లగొట్టిండు."

"లే బేటీ. గా సూరా మొన్న ఆయన మీద చదివినవు. ఇయ్యాల మన మీద చదువుకో."

అంత కష్టమైన పాఠం ఆమె నాకు అంతకుముందు చెప్పలేదు. లేచాను. కోపం పోయి లేవలేదు, కోపంతోనే లేచాను. ముడులన్నీ నేల మీద ఈడ్చుకుంటూ తీసుకుపోయి ఆయన చేతుల్లో పడేశాను. పడేసి, తల ఎత్తి చెప్పాను.

"ఇంట్ల దాచకుండ్రి. పొద్దుగాల్ల మల్ల గట్టు మీద పెట్టుండ్రి."

ఈసారి నాయిన నా నోరు మూయలేదు.

ఇప్పుడు అక్కడ ఆ బావి లేదు, పూడ్చేశారు. పత్తి ఏకే విల్లు ఎలా ఉంటుందో మనవరాలికి బొమ్మ గీసి చూపించాలి. ఖాలా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇరవై మంది ఆడపిల్లలకు దూదిలో దగ్గుకుంటూ అర్థాలు చెప్పింది. ఉప్పు దగ్గర ఆమె, అవ్వ చివరిదాకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఇద్దరి గోరీలు పక్కపక్కనే ఉన్నాయి. వెళ్ళినప్పుడల్లా ఇద్దరికీ ఆ సూరానే చదువుతాను, అరబ్బీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఎవరైనా వింతగా చూస్తే ఇంకాస్త గట్టిగా చదువుతాను.

పెద్దసాబు తాడు తెచ్చి గట్టు మీద పెట్టాడా అని విన్నవాళ్ళంతా అడుగుతారు. పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు? పండుగనాడు తెల్లారకముందే తలస్నానం చేసి, కొత్త గౌను తొడుక్కుని, నేను ఆ గట్టు మీదే కూర్చున్నాను.